ఊపిరి కలవని పిల్ల

షిఫ్టు 3112

గాలిగుడ్డలు నలభై. చిరిగినవి రెండు. నాలుగో మెట్టు నుంచి వచ్చినవి మామూలు కంటే నల్లగా ఉన్నాయి. మూడు నీళ్లు పోస్తే గానీ తేరలేదు.

గాలి గొట్టాలకు కట్టే గుడ్డలు ఉతికే పని నాది. ఈ పుస్తకం నాకిచ్చింది ఇంతవరకు రాయడానికే. మేస్త్రీ మొదటి వరుస చూసి టిక్కు పెడతాడు, కింద ఏం రాసినా చదవడు. కాబట్టి మిగిలిన పేజీ నాది.

మధ్యాహ్నం కూటికి ఇంటికి వెళ్లాను. మా పెన్ని ఏదో తలుచుకుని నవ్వింది. తొమ్మిదేళ్లొచ్చినా నోట్లో సంగటి ముద్ద పెట్టుకుని నవ్వకూడదని ఆ పిల్లకు తెలియదు. ఆ నవ్వులో కొండనాలుక వెనక తెల్లగా ఏదో ఊగింది.

"అదేంది మే నోట్లో? మింగు."

"బిగ్గిదా దాయదా," అంది.

మింగినా నాయనా, అని దానర్థం. ఊహ తెలిసినప్పటినుంచీ పెన్నికి పడిశం. మ, న నోట్లో పలకవు. అదే దాని గొంతు అనుకుని మేము అలవాటు పడిపోయాం.

మళ్లీ నవ్వమన్నాను. అడిగితే ఎవరైనా నవ్వుతారా! చక్కిలిగింతలు పెట్టాను. ఆ తెల్లటిది అక్కడే ఉంది, ఊపిరి తీసినప్పుడు లోపలికి, వదిలినప్పుడు బయటికి ఊగుతోంది. మా ఆవిడ సాలమ్మ వచ్చి చూసి, "పడిశమే గట్టిపడి ఉంటాదిలే," అంది. అని, రెండు నిమిషాలకు తనే దీపం తెచ్చి మళ్లీ చూసింది.

షిఫ్టు 3114

గుడ్డలు పద్దెనిమిది. సగం పూట సెలవు.

నేల కింద అంతస్తులు అంతస్తులుగా దిగే మా ఊళ్లో మేముండేది అయిదో మెట్టులో, దవాఖానా రెండో మెట్టులో. మధ్యలో మూడు తలుపులు. ప్రతి తలుపు దగ్గరా కింద, ఊపిరి చూసి మనిషిని గుర్తుపట్టే పిల్లల పలక ఉంటుంది. పెన్ని దాని ముందు వంగి, నోరు మూసుకుని ముక్కుతో రెండుసార్లు ఊపిరి వదులుతుంది. దాని ఊపిరి ఒక పక్కనుంచే సన్నగా ఈలతో వస్తుంది. పలక పచ్చబడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ ఆ ఈల విని ముచ్చటపడ్డాను గానీ, రెండో పక్క ఏమైందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

డాక్టర్ జైబున్ ముక్కులో దీపం పెట్టి చూసింది. తర్వాత గొంతులో చిన్న అద్దం పెట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ముక్కులో కండ పెరిగింది. చెంప ఎముకలో బోలుగా గూడు ఉంటాది, ఆడ పుట్టి, కాడ మాదిరి ముక్కులోకి వచ్చి, వెనక గొంతులోకి దిగింది. ఎన్నాళ్లాయె?"

"పడిశమే డాక్టరమ్మా, చిన్నప్పటినుంచి..."

"పడిశం ఇన్నేండ్లు ఉంటాదా ఓబులేసూ? గాలి గొట్టాలు చూసే మనిషివి నువ్వు. నీ ఇంట్లో గొట్టం మూసుకపోతే తెలీలేదా నీకు?"

ఊళ్లో ఏ మెట్టులో గాలి తగ్గినా గుడ్డ పట్టి చూసి చెబుతాను. నా పక్కన పడుకునే పిల్ల కూర్చుని నిద్రపోతుంటే, అదొక అలవాటులే అనుకున్నాను.

షిఫ్టు 3121

సెలవు.

కోసేశారు. గంటన్నర పట్టింది. మత్తు దిగేదాకా సాలమ్మ బయట బెంచీ మీద కూర్చుని తన చీర కొంగు మొత్తం నలిపేసింది.

డాక్టరమ్మ కాడను ముక్కులోనుంచి కత్తిరించి, ముద్దను నోటిలోంచి బయటికి తీసిందట. గిన్నెలో వేసి చూపించింది. తెల్లగా, మెత్తగా, వెలుతురు అవతలికి కనబడేట్టు ఉంది. మా జేజి చిన్నప్పుడు పైన తిన్న తాటిముంజల గురించి చెప్పేది. నేను ముంజ చూడలేదు గానీ ఇలాగే ఉంటుందేమో.

"కనబడినంతా తీసినా," అంది జైబున్. "మూలం గూడులో ఉంటాది. దాన్ని పట్టాలంటే పంటి చిగురు కోసి ఎముక తొలవాలి. పెద్ద పండ్ల మొలకలు ఆడనే ఉంటాయి, అవి చెడితే మళ్లీ రావు. నేను ఇంతవరకు చేసిందంతా పెద్దోళ్లకు. పిల్లకాయ ముక్కు ఇంత ఇరుగ్గా ఉంటాదని పుస్తకంలో చదివినా గానీ..." అని ఆగి, "చూద్దాం," అంది.

నాకు 'చూద్దాం' అనే మాట ఎప్పుడూ నచ్చదు. కానీ అప్పుడే లోపల పెన్ని లేచి "నాయనా" అని పిలిచింది. రెండు 'న'లూ పలికాయి. ఇక 'చూద్దాం' సంగతి మరిచిపోయాను. అంత సంతోషంలో ఎవరికైనా అంతే.

షిఫ్టు 3123

గుడ్డలు లేవు. ఏం జరిగిందో నాకే సరిగ్గా అర్థం కాలేదు, వరసగా రాసి చూస్తాను.

పెన్నిని దవాఖానా నుంచి తీసుకొస్తున్నాం. మూడో మెట్టు తలుపు దగ్గర అది వంగి, నోరు మూసుకుని ఊపిరి వదిలింది. రెండు ముక్కులనుంచీ, ఈల లేకుండా, హాయిగా. పలక ఎర్రబడింది. మళ్లీ వదిలింది. ఎరుపు. పలక తుడిచాను. ఎరుపు. ఏడుసార్లు వదిలి పెన్నికి తల తిరిగింది. వెనక జనం నిలబడిపోయారు.

తలుపుల ఆఫీసులో తిప్పయ్య ఉన్నాడు. నాకన్నా పదేళ్లు పెద్ద, రూలు పుస్తకం మొత్తం నోటికి వచ్చు, అదొక్కటే అతని చెడ్డ గుణం.

"పెన్నేశ్వరి ఊపిరి కాదిది," అన్నాడు తన తెర చూసుకుంటూ.

"మరి ఎవరిదన్నా?"

"ఎవరిదీ కాదు. ఇట్లాంటి మనిషి మన ఊర్లో లేదు."

నా కూతురు నా చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఆపరేషన్ సంగతి చెప్పాను. అయిదేళ్లకు ఊపిరి చేర్పు చేసినప్పటికే ఆ కండ ముక్కులో ఉండి ఉంటుంది, దాంతోనే ఊపిరి రాసుకున్నారు, ఇప్పుడది లేదు, కాబట్టి మార్చి రాయండి అన్నాను. తిప్పయ్య జాలిగా చూశాడు. మా నాయన కాలంలో ఎవరో రబ్బరు తిత్తిలో ఇంకొకరి ఊపిరి నింపుకొచ్చి తలుపులు తెరిచారట. అప్పటినుంచి ఒకసారి రాసిన ఊపిరిని మార్చకూడదు. ఊపిరి మారదు, పుస్తకంలో మొదటి వాక్యమే అదట.

"మారింది గదన్నా!"

"మారదు ఓబులేసా. పడిశం పడితే కలవదు, అంతే. దానికి పడిశం చీటీ ఉండాది. పది షిఫ్టులు, నువ్వో నీ భార్యో బిడ్డ తరఫున ఊపిరి వదలొచ్చు. వరసగా ఎనిమిది చీట్లు ఇస్తాం. బిడ్డకు పడిశం ఉందా?"

"లేదు. పోయింది. మొన్ననే పోయింది."

"పడిశం లేనోళ్లకు పడిశం చీటీ ఎట్ల రాస్తా?"

తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి పిల్ల ముక్కు శుభ్రంగా ఉంది, దాన్ని ఇంటికి తీసుకెళ్లాలంటే పడిశం ఉందని రాయించుకోవాలి. తిప్పయ్య పెన్ని వైపు వంగి, "తుమ్ము చూద్దాం తల్లీ," అన్నాడు. పెన్ని తుమ్మింది, చాలా అబద్ధంగా. ఆపరేషన్ రోజు నుంచే లెక్క వేసి చీటీ రాశాడు.

షిఫ్టు 3131

గుడ్డలు పదకొండు. మేస్త్రీ టిక్కు పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

పొద్దున ఉప్పునీళ్లతో పెన్ని ముక్కు కడగాలి. ఒక పక్కనుంచి పోస్తే రెండో పక్కనుంచి వస్తాయి. ఆ పిల్ల గిలగిల కొట్టుకుంటుంది, నేను తడుస్తాను, సాలమ్మ ఇద్దరినీ తిడుతుంది. తర్వాత బడి తలుపు దగ్గర నేను ఊపిరి వదలాలి. గంటకు నీళ్ల తలుపు దగ్గర ఒకసారి. మళ్లీ కూటి సాల తలుపు. మళ్లీ బడి. నేను ఉతకాల్సిన గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. ఊరంతా మురికి గాలి పీలుస్తుంటే అది నా వల్లే.

కానీ ఒక సంగతి రాయాలి. పెన్ని అన్నీ వాసన చూస్తోంది. గోడలు, గిన్నెలు, పుస్తకాలు. "నాయనా, నువ్వు కంపు కొడతాండావు," అంది నిన్న. గుడ్డల మురికి వాసన అది. "ఎప్పుడూ ఇంతేనా?" "ఎప్పుడూ ఇంతే." "మరి మా ఎట్ల ఓర్చుకునేది?" సాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పెన్ని పడుకుని నిద్రపోతోంది, దిండు మీద తల పెట్టి, నోరు మూసుకుని. ఇంట్లో గురక లేదు. మొదటి రెండు రోజులూ నాకు భయమేసి దగ్గరికి వెళ్లి చూశాను.

షిఫ్టు 3158

గుడ్డలు ఇరవై రెండు. నాలుగో చీటీ నడుస్తోంది.

అర్జీ పెట్టాను. జవాబు వచ్చింది. పాత ఊపిరినీ కొత్త ఊపిరినీ ఒకే పలక మీద, ఒకే మనిషి, ఒకే పూట వదిలి చూపిస్తే రెండూ ఒకరివేనని పరిశీలిస్తారట.

"పాత ఊపిరి కత్తిరించి గిన్నెలో పెట్టినారన్నా," అన్నాను తిప్పయ్యతో.

"అదుంటే తెచ్చి చూడు," అన్నాడు. వేళాకోళమో నిజమో అతని ముఖం చూసి చెప్పలేం.

జైబున్ దాన్ని మందునీళ్లలో సీసాలో దాచి ఉంచింది. అడిగితే ఇచ్చింది, ఎందుకని కూడా అడగలేదు. ఆ సీసా పట్టుకుని నేను మా ఇంటి తలుపు ముందు నిలబడ్డానని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిలబడ్డాను. మూత తీసి పలక దగ్గర పెట్టాను. పెన్నిని పక్కన నిలబెట్టి ఊపిరి వదలమన్నాను. ఎరుపు. ఎదురింటావిడ చూసి లోపలికి వెళ్లిపోయింది. నేనేం చేస్తున్నానో నాకే తెలియనప్పుడు ఆవిడకేం చెప్పను?

షిఫ్టు 3176

గుడ్డలు ముప్పై. శుభవార్త!

బడి తలుపు దగ్గరికి నేను ఆలస్యంగా వెళ్లాను. పెన్ని లేదు. చూస్తే లోపల తన బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎవరో తీశారేమో అనుకున్నాను. లేదు, తనే ఊపిరి వదిలిందట, పలక పచ్చబడిందట. వచ్చేటప్పుడు నీళ్ల తలుపు దగ్గర నా కళ్లముందే వదిలింది. పచ్చ. ఇంటి తలుపు. పచ్చ!

తలుపు ఎట్టకేలకు మా పిల్లను నేర్చుకుంది. సాలమ్మ ఇంట్లో ఉన్న బెల్లమంతా పగలగొట్టి వరుసలో అందరికీ పంచింది. ఎదురింటావిడకు రెండు ముక్కలు ఇచ్చింది. తిప్పయ్యకు కూడా తీసుకెళ్లి ఇచ్చాను. అతను తెర చూసి, "నేను చెప్పలా? ఊపిరి మారదు," అన్నాడు బెల్లం చప్పరిస్తూ.

షిఫ్టు 3177

గుడ్డలు ముప్పై ఒకటి.

పొద్దున పెన్ని నన్ను లేపింది. "లెయ్ దాయదా," అంది.

నిన్న తలుపు దగ్గర నేను విన్న ఈల ఇప్పుడు గుర్తొచ్చింది. విన్నాను. విని సంతోషించాను.

షిఫ్టు 3179

గుడ్డలు ఎన్నో రాయలేదు.

"మూలం మిగిలింది, మళ్లీ వచ్చింది," అంది జైబున్. దాచకుండా చెప్పింది. "తప్పు నాది. అప్పుడే గూడు దాకా పోవాల్సింది. ఇప్పుడు దారి వెతికినా. కొన వంగిన సన్న దీపం ఒకటి చేయించినా. ముక్కులోనుంచే గూడు వాకిలి కొంచెం వెడల్పు చేసి, ఆ వంపు దీపంతో చూసుకుంటా మూలం గీకేయొచ్చు. చిగురు కొయ్యాల్సిన పని లేదు, పండ్ల మొలకల జోలికి పోను. మూలం పోతే ఇంక దాదాపు రాదు."

"అంటే తలుపు..."

"తలుపు సంగతి నాకు తెలీదు ఓబులేసూ. నేను ముక్కు డాక్టర్ని."

ఇంట్లో పెద్ద గొడవైంది. మొదటిసారి ఆపరేషన్ చేయించాల్సిందే అని పట్టుబట్టింది సాలమ్మే. ఇప్పుడు అడ్డం తిరిగింది.

"వొద్దు. తలుపు తెరుచుకుంటాంది, చాలు. ఇన్నేండ్లు నోటితో పీలుస్తా బతకలా?"

"అది బతుకుడా?"

"తలుపు తెరుచుకోకుంటే బతుకా? చీట్లు అయిపోతే నీళ్లు యాడ తాగుతాది? కూడు ఎవరు పెడతారు? నువ్వు నీ గుడ్డలు ఇడిసిపెట్టి జీవితమంతా పిల్ల ఎనకాల ఊపిరి వదులుతా తిరుగుతావా?"

ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ కనబడలేదు. జైబున్ చెప్పిందాంట్లోనూ కనబడలేదు. ఆరోగ్యంగా ఉంటే పిల్ల మాది కాదు, మా పిల్లగా ఉంటే ఆరోగ్యం లేదు. ఇలాంటి లెక్క నేనెప్పుడూ చేయలేదు. పెన్నినే అడిగాను, నీకేం కావాలని. సంగటి రుచి మళ్లీ పోయిందని తన ముక్కు మాటల్లో చెప్పింది, ముక్కు చీదుకుంటూ.

షిఫ్టు 3184

ఇవాళ బడిలో కూడు తిన్నాక పిల్లల్ని పడుకోబెట్టారు. పెన్నిని కూడా పడుకోబెట్టారు. కొత్త పంతులమ్మ, ఆ పిల్ల కూర్చునే నిద్రపోతుందని ఆమెకు తెలియదు. కాసేపటికి గురక ఆగిందట. పక్క పిల్ల చూసి కేక వేసింది. పెదవులు నల్లబడి ఉన్నాయట. లేపి కూర్చోబెట్టి వీపు మీద చరిస్తే ఊపిరి తీసింది.

కూటి సాలలో వంట చేసే సాలమ్మ గరిటె పారేసి పరిగెత్తుకొచ్చింది. పిల్లను ఒళ్లోనుంచి దింపలేదు. సాయంత్రం నా వైపు చూడకుండా అంది.

"పో. ఆ డాక్టరమ్మకు చెప్పు. ఇప్పుడే."

షిఫ్టు 3188

సెలవు.

రెండో ఆపరేషన్ మూడు గంటలు. మొదట గొంతులోది తీసిందట, తర్వాత గూడులోకి వెళ్లిందట. జైబున్ బయటికి వచ్చింది. "దొరికింది," అంది. గూడు అడుగు గోడకు కందిగింజంత మూలం. అంత చిన్నదే ఇంత పని చేసింది. పండ్ల మొలకలు అలాగే ఉన్నాయి.

ఆమె కాళ్లకు దండం పెట్టబోతే అరిచింది. "ముందు పోయి ఆ బిడ్డ మాట విను," అంది.

వెళ్లి విన్నాను. పెన్ని నన్ను పేరుపెట్టి తిట్టింది, గొంతు మండుతోందని. 'నొప్పి' అనే మాట ఎంత బాగా పలికిందో!

షిఫ్టు 3191

గుడ్డలు పదిహేను. పలక ఎరుపు. ఊహించిందే.

తిప్పయ్య ఎనిమిదో చీటీ రాశాడు. ఆరోదీ ఏడోదీ ఎప్పుడు అయిపోయాయని అడిగితే, పిల్ల ఊపిరికే తలుపు తెరుచుకున్న రోజులు కూడా చీటీలోకే వస్తాయట. ఇదే ఆఖరిది. రాసి, ఆఫీసు తలుపు దగ్గరికి వేసి, నా పక్కన కూర్చున్నాడు. రూలు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను చెప్పకూడదు. వింటే విను. పైనుంచి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వస్తాంటారు. దిక్కులేనోళ్లు. పై తలుపు దగ్గర వాళ్లకు కొత్తగా ఊపిరి రాస్తారు. పది షిఫ్టులకొకసారి ఆడ డ్యూటీ నాది."

"పెన్ని పైనుంచి రాలేదు గదన్నా."

"నువ్వు గుడ్డలు ఎండేసేదానికి పైకి పోతావు గదా. బయటికి పోయేటోళ్లను ఎవరూ అడగరు. లోపలికి వచ్చేటోళ్లనే అడుగుతారు." గొంతు తగ్గించాడు. "ఒకటి. లోపల తన వాళ్లు ఎవరూ లేరని బిడ్డ చెప్పాల. ఉన్నారంటే పాత ఊపిరి యాడుందని ఎతుకుతాది పలక. పూచీ పడేవాడు కూడా సంబంధం లేనోడే అయ్యుండాల. ఆ పలక మాటలు కూడా వింటాది, గుర్తు పెట్టుకో."

"పూచీ ఎవరు పడతారు?"

తిప్పయ్య నా ముఖంలోకి చూసి, తల తిప్పుకున్నాడు.

షిఫ్టు 3200

గుడ్డలు అరవై, అన్నీ పైన ఎండేశాను. ఆఖరి చీటీ ఇవాళ్టితో సరి.

తెల్లవారుజామునే ఎక్కాం, ఎండ ముదరకముందే దిగాలని. పెన్ని ఇంతకుముందు పైకి రాలేదు. మొదట కళ్లు మూసుకుంది. తర్వాత ముక్కు ఎత్తింది.

"ఇదేం వాసన నాయనా?"

"మన్ను."

"దీన్ని ఎవరు ఉతికేది?"

ఎవరూ ఉతకరన్నాను. నమ్మలేదు. ఇంకో గంటలో నేను తనకు ఎవరినీ కాననే సంగతి మళ్లీ చెప్పాను. సంగటి తినేటప్పుడు నాలుగు రోజులుగా నేర్పిస్తున్నాను. సాలమ్మ ఆ మాటలు వినలేక లేచి వెళ్లిపోయేది. ఇవాళ రానంది.

పై తలుపు ముందు కొత్తవాళ్లు కూర్చునే రాతి మీద పెన్నిని కూర్చోబెట్టి, నేను గుడ్డలు ఎండేస్తున్నట్టు నటించాను. ఎండేస్తున్నాను కూడా, అది నిజమే. తలుపు తెరిచి తిప్పయ్య బయటికి వచ్చాడు. బల్ల మీద పలక పెట్టాడు. మా ఇద్దరినీ ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

"పేరు?"

"పెన్ని."

"యాడినుంచి వచ్చినావు?"

పెన్ని ఆకాశం మొత్తం చూపించి, "ఆడ్నించి," అంది.

"లోపల నీ వాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"లేరు."

"నాయన పేరు?"

"తెలీదు."

నేను నేర్పిన దానికంటే గట్టిగా చెప్పింది.

"అమ్మ పేరు?"

ఇక్కడ ఆగింది. ముక్కుతో ఊపిరి తీసింది, వదిలింది. నాకు వినబడలేదు, ఎందుకంటే ఇప్పుడు దాని ఊపిరికి చప్పుడు లేదు. "తెలీదు," అంది చిన్నగా.

తిప్పయ్య రాసుకున్నాడు. నన్ను పిలిచాడు.

"పూచీ నువ్వేనా?"

"నేనే."

"ఈ పిల్ల నీకు ఏమైతాది?"

ఏమీ కాదు. రెండు ముక్కలు. నాలుగు రోజులుగా అనుకున్న మాటే. నోరు తెరిచాను. ఏ మాటా రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. తిప్పయ్య ఎదురుచూస్తున్నాడు, పలక ఎదురుచూస్తోంది, ఎండ ఎక్కుతోంది. నేను నిలబడే ఉన్నాను. ఇంకాసేపు ఊరకుంటే అంతా పాడవుతుందని తెలుసు. తెలిసినా మాట రాలేదు.

"నేను ఆయనకు ఏమీ కాను," అంది పెన్ని. "ఆయన గుడ్డలు ఎండేసుకునే ఆయప్ప. దప్పిగ్గా ఉందంటే నీళ్లిచ్చినాడు, అంతే. మంచోడు. ఇడిసిపెట్టు పాపం, ఎండకు మాట పడిపోయినట్టుంది."

అది నేను నేర్పింది కాదు.

తిప్పయ్య తల వంచుకుని చాలాసేపు రాశాడు, రాయడానికి అంత ఏముందో నాకు తెలియదు. తర్వాత పలక ముందుకు జరిపాడు. పెన్ని నోరు మూసుకుని, రెండు ముక్కులతో, రెండుసార్లు ఊపిరి వదిలింది. పలక పచ్చబడింది.

దిగేటప్పుడు ప్రతి తలుపూ దానికి తెరుచుకుంది. ఆ చీటీలో ఇలా ఉంది: పెన్ని, పైనుంచి వచ్చినది, వయసు సుమారు తొమ్మిది, ఓబులేసు ఇంట ఆశ్రయం, సంబంధం లేదు. సాలమ్మ ఆ చీటీ చదవలేదు. పిల్లను దగ్గరికి తీసుకుని ముక్కు మీద ముక్కు పెట్టి నిలబడింది.

షిఫ్టు 3212

గుడ్డలు నలభై రెండు. చిరుగులు లేవు. మేస్త్రీ ప్రశ్నార్థకాలు మానేశాడు.

పెన్ని ఒక్కతే బడికి పోతోంది, ఒక్కతే నీళ్లు తెచ్చుకుంటోంది. తలుపుల దగ్గర నన్ను "ఏమప్పా" అంటుంది, ఆ పలకలు కూడా వింటాయేమోనని. ఇంట్లో నాయనా అంటుంది. నాకు రెండూ కలిసిపోయి, ఏ పిలుపుకు పలకాలో తెలియక రెండింటికీ పలుకుతున్నాను.

ఇవాళ తలుపుల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చీట్లు ముగిసి పది షిఫ్టులైనా ఏ పలక మీదా ఊపిరి పడని పేర్లు కొట్టేస్తారట. కింద నేను సంతకం పెట్టాలి. "నా కూతురు పెన్నేశ్వరి ఇక లేదని అంగీకరిస్తున్నాను."

కలం తీశాను, పెట్టాను, తీశాను. పెన్ని నా భుజం మీదుగా చదివింది.

"పెట్టు నాయనా," అంది. "నేను ఈడనే ఉండా గదా."

పెట్టాను.

షిఫ్టు 3214

గుడ్డలు ముప్పై ఎనిమిది.

కాగితం తిరిగొచ్చింది. సంతకం నా పాత సంతకంతో కలవలేదట. మళ్లీ పెట్టి పంపమని తిప్పయ్య రాశాడు, గడువు ఏమీ వేయలేదు.

కాగితం మడిచి ఈ పుస్తకంలోనే పెట్టాను. నేను సంతకం పెట్టేదాకా పేరు కొట్టెయ్యరు. అంతవరకు రిజిస్టరులో కూడా నాకు కూతురు ఉంది.